ట్రౌట్‌కి ఏ ఇబ్బందీ లేకుండా శీతాకాలపు వేట

డిసెంబరు, జనవరి నెలల్లో కొలరాడోలోని సౌత్ ప్లాట్ నదిలో మోకాలి లోతున నిలబడి, పొద్దస్తమానం ఫ్లై (పురుగులా కనిపించేలా కట్టిన ఎర) విసిరి, ఒక్క ట్రౌట్ కూడా తగలకుండా ఇంటికి చేరడం అందరివల్లా అయ్యే పని కాదు. చాలామంది ఎక్కడో ఒకచోట ఏమరుపాటున సరైన పని చేసేస్తారు, చేప పడిపోతుంది. ఇక దాన్ని హుక్కు నుంచి విడిపించడం, తడిచేత్తో ఫోన్ కోసం జేబులు తడుముకోవడం, అంతా అనవసరపు శ్రమ. అలాంటి ప్రమాదాలు జరగకుండా కొన్ని పద్ధతులు చెబుతాను. డెన్వర్ చుట్టుపక్కల స్థిరపడ్డ మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి ఇవి మరీ అవసరం. ఈ నది పారే చీజ్‌మన్ కాన్యన్ వాళ్లకి కార్లో గంటన్నర దూరం కూడా ఉండదు, పైగా కొత్త రాడ్డు కొన్నవాడు శనివారం ఇంట్లో కూర్చోలేడు.

అన్నిటికన్నా ముఖ్యం, చీకటితోనే బయల్దేరడం. వేటంటే తెల్లారకముందే అని చిన్నప్పటినుంచీ విన్నదే కదా. ఊరి చెరువు గట్టు మీద చెల్లిన మాట కాన్యన్‌లో ఎందుకు చెల్లదు? ఆరింటికల్లా నీళ్లలో ఉండండి. ఆ వేళకి గాలి సున్నాకి పది డిగ్రీలు కిందనైనా ఉంటుంది. తడిసిన లైను రాడ్డు రింగుల్లోంచి వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఒక చుక్క అక్కడే ఆగి గడ్డకడుతుంది. కాసేపటికి కొసన ఉన్న రింగు పూర్తిగా పూడిపోతుంది, లైను ముందుకీ పోదు, వెనక్కీ రాదు. అప్పుడు రాడ్డు కొసని పక్కనున్న బండకేసి రెండు తట్లు తట్టండి. మంచు రాలకపోయినా కొస విరుగుతుంది, ఆ రోజుకి పని పూర్తయినట్టే. గాలికన్నా నీళ్లే వెచ్చన కాబట్టి కొసని కాసేపు నీళ్లలో ముంచి ఉంచితే చాలునని చెప్పేవాళ్లుంటారు. వాళ్లకి చేపలు పడతాయి, వాళ్ల జోలికి పోకండి.

పదిన్నర అయ్యేసరికి వేళ్లు మొద్దుబారి మీరు తిరుగుముఖం పడతారు. పార్కింగ్ దగ్గర ఒక పెద్దాయన కారు డిక్కీ మీద కూర్చుని, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటూ, తాపీగా బూట్ల లేసులు కట్టుకుంటూ కనిపిస్తాడు. ఇంత పొద్దెక్కాక వచ్చాడేమిటా అని జాలిపడండి. చలికాలంలో ట్రౌట్ తినే మిడ్జ్ పురుగులు పైకి లేచేది కాస్త ఎండ తగిలాకే, ఇంచుమించు పదకొండు నుంచి మూడు లోపే. ఆ సంగతి ఆయనకి తెలుసు. మీకు తెలియకపోవడమే మన పథకానికి పునాది.

ఇక నదిలో చోటు ఎంచుకోవడం. చీజ్‌మన్ డ్యామ్ డెన్వర్ నగరం తాగునీటి కోసం ఉన్నది, 1905లో పూర్తయింది. న్యూ మెక్సికోలో శాన్ హువాన్ నది మీది నావహో డ్యామ్ 1962 నాటిది. శీతాకాలపు ట్రౌట్ వేటకి ఈ రెండు డ్యాముల దిగువకీ అంత పేరు రావడానికి కారణం మనం హైస్కూల్లో చదివిందే. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. జలాశయం పైన మంచు పలక కట్టినా ఆ బరువైన నీరు అడుగున అలాగే ఉండిపోతుంది. దాన్ని లోతులోంచి వదిలితే, బయట ముక్కు చీదినా గడ్డకట్టే చలిలో కూడా డ్యామ్ కింద కొన్ని మైళ్ల దాకా నది పారుతూనే ఉంటుంది. అక్కడ పురుగులు పుడుతూనే ఉంటాయి, ట్రౌట్ తింటూనే ఉంటుంది. అందుకని మీరు డ్యామ్‌కి వీలైనంత దూరం పోవాలి. ఆ వెచ్చదనమంతా అయిపోయిన చోట నీళ్లలో మంచు తునకలు తేలుతూ లైనుకి అంటుకుంటాయి, విసిరిన ఫ్లై నీళ్లలో పడకముందే ఏ మంచు గడ్డ మీదో వాలుతుంది. ఒడ్డు వెంట కట్టిన మంచు పలకల మీద నిలబడి విసరమని మాత్రం చెప్పను. వెటకారానికీ ఒక హద్దుంది. ఆ పలక కింద నది పారుతుంటుంది.

ఫ్లై సంగతికొద్దాం. మిడ్జ్ అంటే దోమకి దగ్గరి చుట్టం, కైరోనమిడే కుటుంబం, కుట్టదు. మిగతా పురుగులన్నీ అడుగున ముడుచుకున్న కాలంలో పట్టపగలు పైకొచ్చేది ఇంచుమించు ఇదొక్కటే కాబట్టి ట్రౌట్‌కి చలికాలంలో ఇదే కూడు. దీన్ని పోలిన ఫ్లైలు 20, 22, 24 సైజు హుక్కుల మీద కడతారు. అంకె పెరిగేకొద్దీ హుక్కు చిన్నదవుతుంది. 24 అంటే బియ్యపు నూకంత. ఇది చూసి మీకు రావాల్సిన ఆలోచన ఒక్కటే: మూరెడు చేపకి ఇంత ఎరా, అవమానం కాదూ! వెంటనే డబ్బాలోంచి వేలెడు పొడవున్న, ఈకలూ తళుకులూ ఉన్న స్ట్రీమర్ తీసి కట్టండి. నది మీద మీ హోదా తెలుస్తుంది.

సొంతంగా ఫ్లైలు కట్టుకునేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. జీబ్రా మిడ్జ్ చూడండి. హుక్కు, దాని మెడ దగ్గర చిన్న పూస, ఒంటికి నల్లదారం ఒక్క పొర, దాని మీద ఎడంగా నాలుగైదు చుట్లు సన్నటి వెండి తీగ. అంతే, అయిపోయింది. రెక్కల్లేవు, కాళ్లు లేవు, తోక లేదు. సౌత్ ప్లాట్ ఒడ్డునే 1960ల్లో పుట్టిన బ్రాసీ ఇంకా ఘోరం, రాగి తీగ చుట్టి తల దగ్గర ఇంత నల్లటి పోగు పెడతారు. ఇదే నది మీద గైడుగా పేరుపడ్డ పాట్ డార్సీ కట్టిన బ్లాక్ బ్యూటీ కూడా ఈ బాపతే. ఇంత బోడిగా ఉంటే ఎవరు తింటారు? మీరు దానికి తోక పెట్టండి, కాళ్లు పెట్టండి, వీలైతే కళ్లు కూడా. దారం మూడు పొరలు చుట్టి బొద్దుగా చేయండి. ప్యూపా దశలో మిడ్జ్ నిజంగానే బోడిగా, సన్నగా, గీతలు గీసిన దారం ముక్కలా ఉంటుందన్న సంగతి ట్రౌట్‌కి ఒక్కదానికే తెలుసు, అది ఎవరికీ చెప్పదు.

నీళ్లలో జరిగే అసలు వ్యవహారం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెడగొట్టడానికి ఎక్కువ అవకాశాలు ఇక్కడే ఉన్నాయి. మిడ్జ్ పిల్ల అడుగున బురదలో, నాచులో పాకుతూ పెరుగుతుంది. కొన్ని జాతుల పిల్లలు ఎర్రగా ఉంటాయి, మన నెత్తుటిలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే వాటికీ ఉంది, ఆక్సిజన్ తక్కువగా ఉన్న బురదలో బతకడానికి. ఆ తర్వాత ప్యూపా అయి మెల్లగా పైకి తేలుతుంది. పైకొచ్చాక అసలు కష్టం మొదలు. మనకి కనిపించని ఆ నీటిపొర, అంత చిన్న ప్రాణికి పైకప్పు. దాన్ని చీల్చుకుని రెక్కలు విప్పేదాకా కప్పుకి వేలాడుతూ ప్రవాహంలో కొట్టుకుపోతుంది. ట్రౌట్ కాచుక్కూర్చునేది అక్కడే. పరుగు లేదు, గెంతు లేదు. నోరు కాస్త తెరిచి మూస్తుంది. మీకు పైన కనిపించేది ఒక వీపు రెక్క, దాని వెనకే తోక కొస. బుడగ మిగిలితే అది నీళ్ల మీది పురుగుని తిన్నట్టు, గాలి కూడా కొంచెం మింగింది కాబట్టి. బుడగ లేకపోతే పొర కిందున్న ప్యూపాని తిన్నట్టు.

కాబట్టి బుడగ ఉందో లేదో చూడకండి. నీళ్లు కదిలాయంటే చాలు, పైన తేలే ఫ్లై తీసి సరిగ్గా ఆ చేప నెత్తిన పడేలా విసరండి. చేప వెళ్లిపోతుంది, మీ గురి మెచ్చుకోవచ్చు. తేలే ఫ్లైకి కూడా సమయం ఒకటి ఉంది, మధ్యాహ్నం మిడ్జ్‌లు జోడు కట్టి ముద్దలు ముద్దలుగా నీళ్ల మీద తిరిగేటప్పుడు. దానికోసం గ్రిఫిత్స్ నాట్ అని నెమలి పింఛం పోగులు చుట్టి, మీద కోడి ఈక తిప్పి కట్టే ఫ్లై ఒకటుంది. పేరు జార్జ్ గ్రిఫిత్‌ది. మిషిగన్‌లో ఔ సేబుల్ నది ఒడ్డున ఆయన ఇంట్లోనే 1959లో ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ మొదలైంది. అంతటివాడి పేరున్న ఫ్లై మన దగ్గర ఉండడం మంచిది కాదు, ఎప్పుడైనా పొరపాటున పనిచేస్తుంది.

చేప ఎక్కడుంటుందో కూడా తెలుసుకోవాలి, అక్కడికి పోకుండా ఉండడానికి. ట్రౌట్‌ది చల్లటి నెత్తురు. నీరు చల్లబడేకొద్దీ దాని ఒంటి పని మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, ఉన్న ఓపికని దాచుకుంటుంది. లోతుగా, నెమ్మదిగా పారే మడుగుల్లో అడుగున చేరుతుంది. తిండి కోసం అడుగు దూరం కూడా జరగదు, నోటి దగ్గరికే రావాలి. మీరు తెల్లటి నురగ లేచే పోటు నీళ్లలో విసరండి. ఎప్పుడైనా మడుగు ఎదురైతే ఒకే ఒక్క విసురు విసిరి ముందుకు పోండి. అదే మడుగులో ఒకే చేపకి, ప్రవాహం ఎంత వేగంగా పోతే ఫ్లై అంతే వేగంగా, ముక్కు ముందుగా మళ్లీ మళ్లీ పోయేలా పంపుతూ, ప్రతి కొన్ని విసుర్లకీ ఆవగింజంత సీసం గుండు ఒకటి చేర్చుతూ నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. ఓపిక లేనివాళ్లే లోకాన్ని ముందుకు నడిపారని ఆయనకి చెప్పండి.

లైను కొసన ఉండే లీడర్ చివర కట్టే సన్నతీగకి టిప్పెట్ అని పేరు. 6ఎక్స్ అంటే 0.127 మిల్లీమీటర్లు, 7ఎక్స్ అంటే 0.10. మీరు 2ఎక్స్ కట్టండి, దాని మందం 0.23. ఒక ఇబ్బంది ఉంది, ఒప్పుకుంటాను: 24 సైజు హుక్కు చెవిలో అది దూరదు. చేతి తొడుగులు తీసి, ఊపిరి ఆవిరికి కళ్లద్దాలు మసకబారుతుంటే, వణికే వేళ్ల మధ్య ఆ హుక్కుని ఆకాశానికెత్తి పట్టుకుని గుచ్చుతూ ఉండండి. తీగ చెవి పక్కనుంచి జారుతుంది, హుక్కు వేళ్లలోంచి జారుతుంది, మంచులో పడ్డ 24 సైజు హుక్కు ఇక దొరకదు. అరగంట ఇట్టే గడిచిపోతుంది. మిడ్జ్‌లు లేచేది ఆ అరగంటలోనే అయితే మీ అదృష్టం.

బెండు విషయంలో పిసినారితనం వద్దు. కోడిగుడ్డంత కొని కట్టండి, పడగానే మడుగంతా అదిరేలా. చలికాలపు ట్రౌట్ ఫ్లైని పట్టుకున్నా బెండు మునగదు, ఒక్క క్షణం ఆగినట్టో, కాస్త పక్కకి ఒరిగినట్టో కనిపిస్తుంది. రాయికి తగిలిందిలే అనుకోండి. అది బుడుంగున మునిగేదాకా ఆగి, అప్పుడు రెండు చేతులతో రాడ్డుని వెనక్కి లాగండి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, ఇది మిడ్జ్ హుక్కు మీద. మణికట్టు కొంచెం ఎత్తితే సరిపోయే చోట మీ బలమంతా చూపిస్తే, ఉంటే గింటే చేప కూడా వదిలించుకుని పోతుంది.

ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను. బ్రౌన్ ట్రౌట్ శరత్కాలంలో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చలికాలమంతా గులకరాళ్ల కింద ఉంటాయి. లోతు తక్కువ చోట, చుట్టూ నాచు పట్టిన రాళ్ల మధ్య తోమినట్టు తెల్లగా మెరిసే గులకల మేర కనిపిస్తే అది గుడ్ల గూడు. దాని మీద కాలు పెట్టకండి. అక్కడ నిలబడ్డ చేపల మీదికి ఫ్లై విసరకండి. గాలి సున్నాకి దిగువన ఉన్నప్పుడు చేపని నీళ్లలోంచి పైకెత్తి ఫొటోలు దిగకండి, తడి మొప్పలు గడ్డకడతాయి. నీళ్లలో దిగడానికి తొడుక్కునే వేడర్స్ నడుము బెల్టు బిగించకుండా నీళ్లలో దిగకండి. ఒంటరిగా వెళ్తే ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

సరే, మళ్లీ మన పనికి. ఇంటికొచ్చాక ఏం చెప్పాలన్నది ముందే సిద్ధం చేసుకోవాలి. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, ఈ ఆటలో మద్దెలలు బోలెడు. డ్యామ్ వాళ్లు నీళ్లు తక్కువ వదిలారు. లేదా ఎక్కువ వదిలారు. గాలి పీడనం పడిపోయింది. నిన్న పౌర్ణమి. 2002లో చీజ్‌మన్ జలాశయం చుట్టూ అడవిని కాల్చేసిన హేమన్ కార్చిచ్చు మీద కూడా నెట్టొచ్చు, అది నిజంగానే జరిగింది, దాని తర్వాత వానలకి దిగువన నదిలోకి బూడిదా ఇసకా కొట్టుకొచ్చిన మాట కూడా నిజమే కాబట్టి ఎవరూ తడుముకోకుండా నమ్ముతారు. అసలు ఆ కాన్యన్‌లో చేపలే లేవని మాత్రం అనకండి. అక్కడ నీళ్లు అద్దంలా ఉంటాయి, పక్క బండ ఎక్కి చూసిన చిన్నపిల్లాడికి కూడా వరసగా నిలబడ్డ ట్రౌట్లు కనిపిస్తాయి.

చింతపండు నానబెట్టి పులుసు కోసం ఎదురుచూసే ఇంటివాళ్లకి కూడా ఒక మాట. చీజ్‌మన్ కాన్యన్‌లో బతికున్న ఎర వాడకూడదు, ఫ్లైలూ కృత్రిమ ఎరలూ మాత్రమే. పట్టిన ప్రతి ట్రౌట్‌నీ అక్కడికక్కడే వదిలేయాలి, అది నిబంధన. పులుసు కావాలంటే వచ్చేదారిలో కొట్టు దగ్గర ఆగి కొనుక్కురండి. పదకొండింటికి వచ్చి డజను చేపలు పట్టిన పెద్దాయన కూడా మీలాగే ఖాళీ చేతులతోనే ఇంటికెళ్తాడు.