పాత జీపు పద్యత్రయం: గ్రీజు సంజీవనీ వ్యాఖ్య

అవతారిక

మెదకు సీమ కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసి దానికి సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. కావ్యం పాతబడితే వ్యాఖ్య కావాలి, జీపు పాతబడితే గ్రీజు కావాలి. కాబట్టి ఈ టీకకు గ్రీజు సంజీవని అని పేరు.

మూలకర్త అజ్ఞాతుడు. భాషను బట్టి షెడ్డులో పెరిగినవాడనీ, యతిని బట్టి మధ్యమధ్యన బడికీ వెళ్లినవాడనీ ఊహించవచ్చు.

నాయకుడు మహీంద్రా ఎం.ఎం. 540. కులం గొప్పది. 1941 నాటి అమెరికా సైన్యపు విల్లీస్ జీపు మూలపురుషుడు. 1945లో పుట్టిన మహీంద్రా సంస్థ ఆ జీపుల్ని తెచ్చి ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశంలో 1980ల నడుమ వచ్చినవాడు మన 540. గుండె మాత్రం ఫ్రాన్సుది: ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజను, నాలుగు సిలిండర్లు, 2112 సీసీ, కొత్తలో 62 హార్స్‌పవర్. ఈ “కొత్తలో” అన్న ఒక్క మాట మీదే మూడు పద్యాలూ నిలబడి ఉన్నాయి.

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు. అధికారి: ఆర్‌సీ తన పేరున ఉన్నవాడు. ప్రయోజనం: పికప్. సంబంధం: యజమానికీ మెకానిక్‌కీ నడుమ ఉన్నది, ఒక జన్మతో తీరనిది.

ప్రథమ పద్యం

తే. పాత జీపుకు బలమును పాదుకొల్ప
మున్ను గాలియు నూనెయు ముట్టి చూడు
పిదప టైరుల యెత్తును పెంచవచ్చు
విప్పనిది లోన నేముందొ వేల్పు కెరుక

*ప్రతిపదార్థం:* పాత జీపుకు = ఏళ్లు మీదపడిన జీపునకు; బలమును = పికప్‌ను; పాదుకొల్పన్ = నెలకొల్పడానికి; మున్ను = యాక్సెసరీల దుకాణానికి వెళ్లక ముందే; గాలియున్ = గాలినీ; నూనెయున్ = నూనెనూ; ముట్టి చూడు = చేత్తో తాకి పరీక్షించు; పిదప = ఆ తరువాత, ఇంకా డబ్బు మిగిలితే; టైరుల యెత్తును పెంచవచ్చు = పెంచితే పెంచుకో; విప్పనిది = విప్పకుండా; లోనన్ = లోపల; ఏముందొ = ఏమి అరిగి ఉన్నదో; వేల్పుకు = దేవుడికి మాత్రమే; ఎరుక = తెలుసు.

*తాత్పర్యం:* జీపుకు కొత్త బలం కావాలనుకునేవాడు ముందు దాని పాత బలం ఎటు పోయిందో వెతకాలి.

*విశేషాలు:* “జీపునకు” అనవలసిన చోట “జీపుకు” అన్నాడు. ఛందస్సులో పట్టలేదు. లాక్షణికులు మన్నింతురు గాక.

“గాలి” శ్లేష. జీపులో మూడు గాలులున్నాయి. మొదటిది ఇంజను పీల్చేది. చాలా పాత జీపులకు ఆయిల్ బాత్ ఫిల్టరు ఉంటుంది. అడుగు గిన్నెలోని నూనెకు దుమ్ము అంటుకుని దిగిపోతుంది. ఆ గిన్నె నిండా అడుసు పేరుకుంటే ఇంజనుకు ఊపిరాడదు. రెండవది టైర్లలో ఉండేది. మూడవది డీజిల్ పైపులో జొరబడేది. “ఎయిర్ పట్టింది” అంటారే, అది. డీజిల్ ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది, నురగ ఆగి డీజిల్ ధారగా వచ్చినప్పుడు స్క్రూ బిగించాలి. మొదటి గాలి రావాలి, రెండవది నిలవాలి, మూడవది పోవాలి. సృష్టి స్థితి లయాలను ఒక్క పదంలో ఇరికించిన కవి సామర్థ్యం కొనియాడదగింది.

“నూనె” జాత్యేకవచనం. నూనె ఉండే ముఖ్య తావులు అయిదు: ఇంజను, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు హౌసింగు, వెనక హౌసింగు. లోకంలో యజమానులు మొదటిదాన్ని మారుస్తారు, మిగతా నాల్గింటినీ పిత్రార్జితంలా కాపాడతారు.

“ముట్టి” అనడం సాభిప్రాయం. కంటికి డీజిల్ ఇంజను నూనె ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది. మసిని పట్టుకోవడం దాని పని గనుక నలుపు దోషం కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రాసినప్పుడు గరుకు తగిలినా, ఎండలో పట్టుకుంటే సన్నటి మెరుపు కనిపించినా లోపల లోహం అరుగుతోందని అర్థం.

పొగ సంగతి కవి చెప్పలేదు, “గాలి”లోనే అధ్యాహారం చేసుకోవాలి. నల్లపొగ తమోగుణం: డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నీలిపొగ రజోగుణం: రింగులో వాల్వు గైడ్లో అరిగి ఇంజను తన నూనెను తానే తాగుతోంది. తెల్లపొగ సత్త్వమని మురిసిపోరాదు. చలి ఉదయాన కాసేపు వచ్చి పోతే కాలని డీజిలు, హీటర్ ప్లగ్గులు చూసుకుంటే చాలు. వేడెక్కాక కూడా వస్తూ, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి.

*పూర్వపక్షం:* బలం కావాలన్నవాడికి నూనె చూసుకోమనడం ఆకలన్నవాడికి చేతులు కడుక్కోమనడమే. టర్బో ఎందుకు చెప్పలేదు?

*సిద్ధాంతం:* షెడ్డులో ఒక పరీక్ష ఉంది. ఇంజను నడుస్తుండగా మేస్త్రి గుడ్డ అడ్డం పెట్టి, ఒక్కో నాజిల్‌కు వెళ్లే పైపు నట్టును పానతో అరచుట్టు వదులు చేస్తాడు. ఆ సిలిండరుకు డీజిల్ అందదు. ఇంజను తడబడుతుంది. బిగిస్తే మళ్లీ కుదుటపడుతుంది. ఇలా ఒకటి, రెండు, మూడు. నాలుగో నట్టు వదిలినప్పుడు శబ్దంలో మార్పే లేదనుకోండి, మేస్త్రి తలెత్తి యజమాని మొహం చూస్తాడు. ఆ సిలిండరు ఎప్పుడో పని మానేసిందన్నమాట. నాలుగింట ఒకటి పడుకుంటే బలంలో పావు వంతు పడుకున్నట్టే. దాన్ని లేపకుండా టర్బో తగిలిస్తే, ఆ టర్బో తెచ్చే అదనపు వేడిని పిస్టన్లు, గాస్కెట్టు, పాచి పట్టిన రేడియేటరు ఎక్కడ దాచుకుంటాయి? నాజిళ్లు సరిచేసి, పంపు టైమింగు చూసి, వాల్వుల సందు సరిపెట్టి, ఆ తరువాత కూడా బలం చాలకపోతే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఆ తరువాత చాలామంది మాట్లాడరు.

*పాఠాంతరం:* చివరి పాదంలో “బిల్లు కెరుక” అని కొన్ని షెడ్లలో వినిపిస్తుంది. వబలకు యతి చెల్లుతుంది గనుక ఛందోభంగం లేదు. అర్థభంగం మాత్రం భారీగా ఉంటుంది.

ద్వితీయ పద్యం

ఆ. టైరు పెద్దదైన డాబు హెచ్చును గాని
గేరు మూల్గు, బ్రేకు గింజుకొనును
మీటరనృతమాడు, మేను కంపించును
ఒకటి మార్చఁ బదియు నూగిపోవు

*ప్రతిపదార్థం:* టైరు పెద్దదైనన్ = పెద్ద టైర్లు వేయిస్తే; డాబు హెచ్చును గాని = ఫొటోలో బాగుంటుంది గాని; గేరు మూల్గున్ = గేరు మూలుగుతుంది; బ్రేకు గింజుకొనును = బ్రేకు గిలగిలలాడుతుంది; మీటరు = స్పీడోమీటరు; అనృతము ఆడున్ = అబద్ధం చెబుతుంది; మేను = ఒళ్లు; కంపించును = వణుకుతుంది; ఒకటి మార్చన్ = ఒక భాగం మారిస్తే; పదియున్ = పదీ; ఊగిపోవున్ = కదిలిపోతాయి.

*తాత్పర్యం:* జీపులో విడి భాగమంటూ లేదు. ఒకదానికి చేసిన మార్పును తక్కినవన్నీ మోయాలి.

*విశేషాలు:* అలంకారం కారణమాల. ఒకదానికొకటి కారణమవుతూ చివరికి షెడ్డు దాకా లాక్కువెళుతుంది.

లెక్క చూద్దాం. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేశారనుకుందాం. ఇంజను బలం అంతే, గేర్లు అంతే, కాని చక్రం అంచు దగ్గర నేలను తోసే శక్తి సుమారు పదో వంతు తగ్గుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటును మూడో గేరులో ఎక్కిన జీపు రెండో గేరు అడుగుతుంది. అదే మూలుగు. బలం కోసం చేసిన పని బలాన్ని తినేసింది. దీనికి ప్రతిక్రియ క్రౌన్, పినియన్ పళ్ల నిష్పత్తి మార్పించడం. ముందు హౌసింగులో ఎంతో వెనక హౌసింగులోనూ అంతే ఉండాలి. ఖర్చుకు భయపడి వెనకది మాత్రమే మారిస్తే ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ దాయాదుల పోరు మొదలవుతుంది.

“మీటరనృతమాడు”: మీటరు 60 చూపినప్పుడు జీపు 66కు పైగా పోతూ ఉంటుంది. పాపం మీటరుదా? అది లెక్కపెట్టేది చక్రం చుట్లను, దూరాన్ని కాదు. చుట్టు పెద్దదైందని దానికెవరూ చెప్పలేదు.

“బ్రేకు గింజుకొనును”: చక్రం పెద్దదైంది, బరువెక్కింది. డ్రమ్ము మాత్రం పాతదే. అదే లైనర్లతో అంతకంటె ఎక్కువ మొండితనాన్ని ఆపాలి.

“మేను” ఎవరిది? జీపుదని కొందరు, డ్రైవరుదని కొందరు. రెండూ ఒప్పే. స్టీరింగు వణుకు పెద్ద టైరు పుట్టించిన జబ్బు కాదు, బయటపెట్టిన జబ్బు. కింగ్‌పిన్ బేరింగులు, టైరాడ్ ఎండ్లు, కమాను బుష్‌లు ఎప్పుడో అరిగి ఉంటాయి, చిన్న టైరు వాటి పరువు కాపాడుతూ వచ్చింది. కమాన్ కట్టలకు అదనపు పట్టీ వేసి ఎత్తు లేపితే యాక్సిల్ వంపూ, షాఫ్టు కోణమూ మారతాయి. క్రాస్ జాయింట్లు టకటకమంటాయి.

“పదియున్”: టైరు, గేరు, బ్రేకు, మీటరు, స్టీరింగు, కింగ్‌పిన్ను, కమాను, క్రాసు, హబ్బు బేరింగు. ఇవి తొమ్మిది. పదవది జేబు. కవి దాన్ని పేరు పెట్టి చెప్పకపోవడం ధ్వని.

*ధర్మశాస్త్ర విచారణ:* మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు చెప్పిన మౌలిక వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే ఆర్టీవో అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పవు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిపరచింది. అదే ఏటి సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పాపాలను విడివిడిగా లెక్కపెట్టే స్మృతి ఇది. ముందు బిగించే ఇనుప కొమ్ముల బంపర్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు చెప్పింది. పైగా సొంత బండికి ఆర్‌సీ 15 ఏళ్లు, ఆపైన అయిదేళ్లకోసారి పరీక్ష. 540 ఇప్పుడు ఆ పరీక్షల వయసులోనే ఉంది. అక్కడ ఇన్‌స్పెక్టరు చూసేది డాబును కాదు. అరిగిన బుష్ మార్చినందుకు మాత్రం ఏ సెక్షనూ లేదు. శాస్త్రమూ చట్టమూ ఒకే మాట మీద ఉన్న అరుదైన సందర్భమిది.

తృతీయ పద్యం

తే. తారు రోడ్డున నాల్గిటి దర్ప మేల
బురద చాలును జక్రాల బుద్ధి దెలియ
ఏటి నీటిని దాటిన యింటి కడను
హబ్బు నూనెలు చూడుము హాయి గలుగు

*ప్రతిపదార్థం:* తారు రోడ్డునన్ = గట్టి రోడ్డు మీద; నాల్గిటి దర్పము = ఫోర్‌వీల్ వేశానన్న గర్వం; ఏల = ఎందుకు; చక్రాల బుద్ధి తెలియన్ = చక్రాల స్వభావం తెలియడానికి; బురద చాలును = బురద చాలు; ఏటి నీటిని దాటినన్ = వాగు దాటితే; ఇంటి కడను = ఇంటికి చేరాక; హబ్బు నూనెలు చూడుము = హబ్బులను, నూనెలను చూసుకో; హాయి గలుగున్ = సుఖపడతావు.

*తాత్పర్యం:* ఫోర్‌వీల్ అనేది అవసరానికి వాడే అస్త్రం. వాడాక శుద్ధి చేసి లోపల పెట్టాలి.

*విశేషాలు:* ఈ జీపులో ఫోర్‌వీల్ లీవరు వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకదానికొకటి కట్టుబడి తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటె పెద్ద వలయం తిరగాలి. బురదలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడా తీర్చుకుంటుంది. తారు మీద జారే వీలు లేదు. ఆ తేడా మెలికై షాఫ్టుల్లో, పళ్లలో బిగుసుకుంటుంది. అప్పుడు లీవరు తీద్దామంటే రాదు. కొత్తవాడు కాలితో తన్నుతాడు. తెలిసినవాడు బండిని సూటిగా కాస్త వెనక్కి పోనిస్తాడు, మెలిక వీడి లీవరు వచ్చేస్తుంది.

లో గేరు ప్రస్తావన మూలంలో లేకున్నా చెప్పక తప్పదు. ఈ వంశపు పాత జీపుల ట్రాన్స్‌ఫర్ కేసులో లో నిష్పత్తి సుమారు రెండున్నర. అంటే లీవరు వేయగానే వేగం అన్ని రెట్లు తగ్గి లాగుడు అన్ని రెట్లు పెరుగుతుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద భారం పడకుండా ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. ఏ దుకాణంలోనూ ఏ టర్బోతోనూ దొరకని ఈ బలం తాతల నాడే పెట్టెలో పెట్టి ఇచ్చారు. తుప్పు పట్టిన లీవరును చూసి అది ఊరికే ఉందనుకునే యజమానులున్నారు.

“ఏటి నీటిని”: పాడేరు, మారేడుమిల్లి వైపు వాగులు దాటినవారికి ఈ పాదం కంఠస్థమై ఉండాలి. నడిచి వేడెక్కిన హౌసింగు చల్లటి నీట మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదరు గొట్టం మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ గాలికి బదులు ఆయిల్ సీలు పక్కనుంచి నీళ్లు లోపలికి వస్తాయి. మర్నాడు డ్రెయిన్ బోల్టు విప్పితే గేరాయిలు పాలకాఫీ రంగులో దిగుతుంది. బ్రీదరు వేలెడు లేదు. దాన్ని ఊది శుభ్రం చేయడానికి ఖర్చు లేదు. అందుకే ఎవరూ చేయరు. ఇక ఇంజనే నీళ్లు పీల్చి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టరాదు. నీళ్లు గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

*వ్యాకరణ చర్చ:* “హబ్బు నూనెలు” ద్వంద్వమా, తత్పురుషమా? “హబ్బు యొక్క నూనెలు” అని తత్పురుషం చెప్పిన వ్యాఖ్యాత హబ్బు విప్పి చూసి ఉండడు. హబ్బు బేరింగుల్లో ఉండాల్సింది గ్రీజు. అక్కడ పల్చటి నూనె కనిపిస్తే లోపలి సీలు పోయి హౌసింగు నూనె బ్రేకు లైనర్ల మీదికి వస్తోందన్నమాట. ద్వంద్వమే సాధువు. సమాసం తప్పు విప్పితే బ్రేకు పడదు.

ఫలశ్రుతి

ఉదయం చదివినవాడు డిప్ స్టిక్ తీసి చూస్తాడు. సాయంకాలం చదివినవాడు జీపు కిందికి దూరి ఏ నిప్పల్ గ్రీజు తీసుకోవడం లేదో కనిపెడతాడు. యాక్సెసరీల దుకాణంలో నిలబడి చదివినవాడు చేతిలో డబ్బుతో సహా తిరిగి వస్తాడు. మూడు పద్యాలూ ఆచరించినవాడి 540 మళ్లీ 62 గుర్రాల దరిదాపులకు వస్తుంది, అంతకుమించి కావాలని అతనికి అనిపించదు. జీపు లేనివాడు చదివితే మాత్రం ఒకటి కొనాలనిపిస్తుంది. ఆ దోషానికి ఈ టీకలో ప్రాయశ్చిత్తం చెప్పబడలేదు.