మావయ్య మూడు డబ్బాల పథకం

మా మావయ్య సర్వేయరుగా రిటైరయ్యారు గానీ, కొలవడం మానలేదు. కృష్ణదేవిపేటలో తాము ఇల్లు కట్టుకున్న లేఅవుట్‌లో ప్రహరీలూ కాలవలూ కొలిచేశాక, ఇక మిగిలింది చెత్తే.

ప్రతి కాలనీలోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకరుంటారు. ఎవరూ ఎన్నుకోకుండానే అధ్యక్షుడైపోతారు. చంకలో ఫైలు, జేబులో రెండు రంగుల పెన్నులు. పాల ప్యాకెట్‌కి వెళ్ళినవాణ్ణి ఆపి ప్లాన్ విప్పుతారు. పాలు విరిగినా ప్లాన్ పూర్తి కాదు.

ఈయనకి ఈ పిచ్చి విశాఖలో కూతురింట్లో పట్టుకుంది. 2021 అక్టోబరు 2న ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) మొదలయ్యాక పట్టణాల్లో ఇళ్ళకి మూడేసి డబ్బాలు పంచారు కదా. తడి చెత్తకి ఆకుపచ్చది, పొడి చెత్తకి నీలం, పాత బ్యాటరీల్లాంటి వాటికి ఎర్రది. అవి చూసి మావయ్య మురిసిపోయారు. కూతురి పెళ్ళిలో కూడా ఆయన ముఖం అంత వెలగలేదు. వస్తూ వస్తూ పింఛను డబ్బుతో ఓ సెట్టు కొనుక్కొచ్చారు. ఎర్రడబ్బా మూత బిగువుగా ఉందని అత్తయ్య అందులో ఏజెన్సీ చింతపండు పోసేసింది. దాంతో ప్రమాదకర చెత్త విభాగం ప్రారంభానికి ముందే మూతపడింది.

మీటింగు పెట్టారు. మందుల అట్ట నీలంలో వెయ్యాలా, ఎరుపులో వెయ్యాలా అన్న దగ్గరే పొద్దు వాలిపోయింది. జనం లేచిపోతుంటే ఆయన గొంతు లేచింది.

“1922 ఆగస్టులో సీతారామరాజు మూడు రోజుల్లో మూడు స్టేషన్లు కొట్టాడర్రా! 22న చింతపల్లి, 23న మన ఊరు, 24న రాజవొమ్మంగి. మీరు మూడు డబ్బాలు పెట్టలేరేటి?”

అల్లూరి సమాధి ఉన్న ఊళ్ళో ఈ మాటకి ఎవరు ఎదురు చెప్తారు? అందరూ పెట్టారు. వారం తిరిగేసరికి మావయ్య రిజిస్టరులో కొత్త చిక్కు. ఆకుపచ్చ డబ్బాలన్నీ ఖాళీ.

“తడి చెత్త ఎక్కడికి పోతోందే?” అని అత్తయ్యని నిలదీశారు.

“తొక్కలు గేదె తింటాది, మెతుకులు కోళ్ళు తింటాయి. మిగిలింది గోతిలో ఏస్తన్నాం. నువ్వు పుట్టకముందు నుంచీ ఇదే కదయ్యా!”

ఆయన ఆ గోతిని కొలిచి, ‘కంపోస్టు యూనిట్-1’ అని బోర్డు రాయించారు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ గోతిలో పేడ ఎత్తిపోస్తున్న అత్తయ్య పేరు మాత్రం కమిటీలో లేదు.

నిజం చెప్పాలంటే ఆయన్ని వెక్కిరించడం తేలికే. కానీ కాలవలో ప్లాస్టిక్ కవర్లు అడ్డంపడి వాన నీళ్ళు వీధిలోకి తన్నినప్పుడు, పంచె ఎగ్గట్టి కర్రతో దిగింది ఆయనొక్కరే. మేమంతా అరుగుల మీద నుంచి సలహాలిచ్చాం. చెత్త బండి తెచ్చే ఆమెకి చేతి తొడుగులు కొనిచ్చిందీ ఆయనే. అందుకు ఆమె చేత మూడు చోట్ల సంతకాలు పెట్టించుకున్నారనుకోండి.

ఆ మధ్య 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల జిరాక్సు ఎక్కడో సంపాదించారు. అయిదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీ చెత్తని వేరుచేసి, తడిది వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువు చేసుకోవాలని అందులో ఉంది. గొలుసు పట్టుకుని లేఅవుట్ అంతా తిరిగారు. విస్తీర్ణం సరిపోయింది. గేటే లేదు.

“గేటు పెట్టేస్తే మనమూ రూల్లోకి వచ్చేస్తాం అల్లుడూ!” అని రాత్రి ఫోను. ఏ చట్టమైనా తప్పించుకోడానికి దారి వెతికేవాళ్ళనే చూశాను గానీ, దూరడానికి చందాలు పోగేసేవాణ్ణి ఈయన్నే చూశాను. జాబితాలో నా పేరు ఎదురుగా అప్పుడే వెయ్యి రూపాయలు వేసేశారట, ఎర్ర పెన్నుతో.