ఆపడం నేర్పలేదు

మా టీములో కొత్తగా చేరిన తమ్ముడొకడు రెండు రోజులపాటు తన కోడ్‌లో లేని తప్పు కోసం వెతికాడు. ఆ తప్పు నాది. "అన్నా, నా టెస్టులు అసలు మొదలే కావట్లేదు" అని వచ్చి అడిగితే, స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే "నీ కోడ్ ఇంకోసారి చూసుకో" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

మా టెస్టులు ఒకదాని తర్వాత ఒకటి నడిస్తే 40 నిమిషాలు పట్టేది. వాటిని 8 వర్కర్ ప్రాసెస్‌లకు పంచి ఒకేసారి నడిపేలా పైథాన్‌లో ఒక రన్నర్ రాశాను. పని 6 నిమిషాలకు దిగింది. ఎలా మొదలుపెట్టాలి, పని ఎలా పంచాలి, ఫలితాలు ఎలా కలపాలి అన్నీ ఆలోచించాను. మధ్యలో ఆపితే ఏమవుతుందో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అంతకంటే పెద్ద తెలివితక్కువ పని ఇంకొకటి చేశాను. ఏ ఒక్క టెస్టు విరిగినా వర్కర్ పడిపోకూడదని, ఏ రకం లోపమని చెప్పకుండా ఉత్త 'ఎక్సెప్ట్' పెట్టాను. అది అన్నింటినీ పట్టేస్తుంది, కంట్రోల్ సి నొక్కితే పుట్టే కీబోర్డ్ ఇంటరప్ట్‌ను కూడా. ఇలాంటి పొరపాటు జరుగుతుందనే 2006లో వచ్చిన పైథాన్ 2.5లో దాన్ని మామూలు 'ఎక్సెప్షన్' కుటుంబం నుంచి వేరు చేశారు. 'ఎక్సెప్ట్ ఎక్సెప్షన్' అని రాసి ఉంటే చాలు, ఆపమన్న మాట నా కోడ్‌ను దాటుకుని వెళ్లేది. ఒక్క పదం రాయడానికి బద్ధకించాను.

ఒక సాయంత్రం అందరం వాడుకునే టెస్ట్ మెషీన్‌లో రన్ మొదలుపెట్టాక, సెట్టింగ్ ఒకటి తప్పిచ్చానని గుర్తొచ్చి కంట్రోల్ సి నొక్కాను. టెర్మినల్ ఆ సంకేతాన్ని వర్కర్లను పుట్టించిన తల్లి ప్రాసెస్ ఒక్కదానికే ఇవ్వదు, ముందున నడుస్తున్న గుంపు మొత్తానికీ ఇస్తుంది. 8 వర్కర్లకూ అందింది. ఒక్కొక్కటీ దాన్ని 'టెస్టు ఫెయిల్' అని రాసుకుని తర్వాతి టెస్టుకు వెళ్లిపోయింది. తల్లి మాత్రం పిల్లల కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయింది. నాకు కనిపించింది కదలని తెర ఒక్కటే. మళ్లీ నొక్కాను, మళ్లీ మళ్లీ నొక్కాను. టెస్టు కోసం పెట్టుకున్న తన డేటాబేస్‌ను చెరిపేసే పనిలో ఉన్న వర్కర్ ఏదైనా ఉంటే, ఆ నొక్కుడు దాని పనిని సగంలో తెంచేసి ఉంటుంది. శుభ్రం చేస్తున్న చేతిని నేనే లాగేశాను. చివరికి ఓపిక పోయి తల్లి ప్రాసెస్‌కు 9వ నంబరు సిగ్నల్ పంపాను. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, సర్దుకోవడానికి క్షణం కూడా దొరకదు. తెర ఖాళీ అయింది. లాప్‌టాప్ మూసి ఇంటికి వెళ్లాను, పొయ్యి ఆర్పకుండా ఇంటికి తాళం వేసినట్టు.

మర్నాటి నుంచి తమ్ముడికి కష్టాలు మొదలయ్యాయి. ఒకసారి పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందని, ఇంకోసారి డేటాబేస్‌ను వేరేవాళ్లు వాడుతున్నారు, తొలగించలేమని ఎర్రర్లు వచ్చేవి. అందరం ఒకే లాగిన్ వాడతాం కాబట్టి ఆ ప్రాసెస్‌లు ఎవరివో అతనికి తెలిసే దారి లేదు. రెండో రోజు సాయంత్రం అతని పక్కన కూర్చుని ప్రాసెస్‌ల జాబితా తీయించాను. 8 వరసలు. తల్లి నంబరు ఉండాల్సిన చోట అన్నింటికీ 1. తల్లి పోతే మిగిలిన పిల్లలను మామూలుగా చేరదీసేది ఆ మొదటి ప్రాసెసే. పక్కన కనిపిస్తున్న ఫైలు పేరు నేను రాసిన రన్నర్‌ది. "ఇవి నావి" అన్నాను. క్షమించమని అతన్ని అందరి ముందూ అడిగాను. ఎందుకంటే అతని పని ఆలస్యమైందన్న మాట అప్పటికే అందరి ముందూ వచ్చింది.

రన్నర్‌ను తిరగరాశాను. వర్కర్లు పుట్టగానే కంట్రోల్ సిని పట్టించుకోవడం మానేస్తాయి, ఆ మాట వినే బాధ్యత తల్లి ఒక్కదానిదే. అది 'ఇక చాలు' అన్న గుర్తు పెడుతుంది. వర్కర్లు చేతిలో ఉన్న టెస్టు ముగించి, తమ డేటాబేస్ చెరిపి బయటికొస్తాయి. 10 సెకన్లలో రానివాటికి తల్లి 15వ నంబరు సిగ్నల్ పంపుతుంది. పైథాన్‌లో ఆ సిగ్నల్‌కు మనం ఏర్పాటు చేయకపోతే 'ఫైనల్లీ'లో రాసిన శుభ్రత పని జరగదు, కాబట్టి దానికీ ఏర్పాటు చేశాను. 'శుభ్రం చేస్తున్నాను, ఆగండి' అని తెర మీద కనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం ముందే ఉంటే నేను రెండోసారి నొక్కేవాణ్ణి కాదు. చివర్లో రన్నర్ 130 అన్న కోడ్‌తో ముగుస్తుంది, మధ్యలో ఆపిన రన్‌ను ఎవరూ పాసైందని అనుకోకుండా.

వేల టెస్టులను నడిపే ఆ ప్రోగ్రాంకు తనదంటూ ఒక్క టెస్టు కూడా ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. అది రన్నర్‌ను మొదలుపెట్టి, 2 సెకన్ల తర్వాత ఆపమని సంకేతం పంపి, ఒక్క పిల్ల ప్రాసెస్ గానీ ఒక్క డేటాబేస్ గానీ మిగిలిందేమో లెక్కపెడుతుంది. సున్నా రావాలి. దాన్ని తమ్ముడూ నేనూ కలిసి రాశాం. ఇప్పుడు ఎవరైనా వచ్చి టెస్టులు నడవట్లేదంటే, కోడ్ చూసుకోమనే ముందు లేచి వెళ్లి ప్రాసెస్‌ల జాబితా చూస్తున్నాను.