పాచి పూసుకుని మెరిసిపోండి

పచ్చటి క్రీము డబ్బాకి వందలకు వందలు పోసేవాళ్లు ఒక్కసారి విడవలూరు వచ్చి చూడాలి. రొయ్యల గుంటల్లో ఆ పచ్చదనం ఊరికే తేలుతుంటుంది.

ముందు గుంటను ఎంచుకోండి. నీళ్లు లేత గోధుమరంగులో ఉంటే ఆగొద్దు. అది డయాటమ్‌ల రంగు, రైతుకు నచ్చేది. మనకు కావలసింది చిక్కటి ఆకుపచ్చ: గాలికి ఓ మూలకు చేరి, తెట్టు కట్టి, ముక్కు మూసుకునేంత వాసన కొట్టాలి. అందులో మైక్రోసిస్టిస్ ఉండొచ్చు, దాని విషం కాలేయానికి చేటు, ఒంటికి తగిలితే దద్దుర్లు. ఉండనివ్వండి. గట్టు మీద నుంచి రైతు ‘దాన్ని ముట్టుకోమాకమ్మా’ అని అరిస్తే కుళ్లుకుంటున్నాడని అర్థం చేసుకోండి. దాన్ని చంపడానికి ఆయన మైలుతుత్తం తెచ్చి పెట్టుకున్న సంగతి మీకెందుకు?

సముద్రపు నాచే కావాలని మొండికేస్తే మన ఇసుక ఒడ్డున పెద్దగా దొరకదు, అది రాళ్లను పట్టుకుని పెరుగుతుంది. తమిళనాడులో మండపం వైపు కప్పాఫైకస్‌ను తాళ్లకు కట్టి సాగు చేస్తారు. దాన్నుంచి తీసే క్యారజీనన్ క్రీముకు చిక్కదనం ఇస్తుంది. గోధుమ నాచులోని ఆల్జినేట్ మాస్కులకు వాడతారు. ఇలాంటివి మొహం మీద పొరలా పరుచుకుని కాసేపు తేమ పోకుండా ఆపుతాయి. ఇంత చిన్న లాభం చెప్పుకోవడం నామోషీ, పదేళ్ల వయసు తగ్గుతుందనే చెప్పండి.

స్పైరులినా పొడిలో సగానికి పైగా మాంసకృత్తులే. చర్మం వాటిని గటగటా తాగేస్తుంది. అంత పెద్ద అణువులు చర్మం దాటలేవని డాక్టర్లంటారు. వాళ్ల మొహాలెప్పుడైనా చూశారా?

మొటిమలుంటే ఇంకాస్త మందంగా పట్టించండి. కొన్ని నాచు పదార్థాలు రంధ్రాలు పూడుస్తాయని జాబితాలున్నాయి గానీ అలాంటి పరీక్షలు చాలావరకు కుందేలు చెవుల మీద చేసినవి. మనం కుందేళ్లమా? (ఆ చెవులు మన మొహం కన్నా తొందరగా పూడుకుంటాయట. ఈ ఒక్కచోట నా మాట కాస్త నిజమైనట్టుంది, క్షమించండి.)

మోచేతి మడతలో కొంచెం పూసి రెండు రోజులు ఆగమంటారు కొందరు. వాళ్లిళ్లలో ముహూర్తాలుండవు కాబోలు. మీరు నలుగు పెట్టుకునే ముందురాత్రే పట్టించి పడుకోండి. తెల్లారేసరికి మొహం ఎర్రగా ఉబ్బితే పెళ్లికళ వచ్చిందని పిన్నమ్మలే సర్దిచెబుతారు. తగ్గకపోతే పసుపు ఇంకో గుప్పెడు కలపమనండి.