చిన్నమ్మ నాలుక

తుమ్మలపల్లె దిక్కు రైతు దంపతులు పొలం వదిలి నాలుగు రోజులు ఊళ్లు తిరిగి రావడం చిన్న విషయం కాదు. అరటికి నీళ్లు కట్టేదెవరు, చీనీ చెట్లను చూసేదెవరు, గొడ్లకు మేత వేసేదెవరు? అన్నీ ఎవరికో ఒకరికి అప్పగిస్తే తప్ప గడప దాటలేరు. మా చిన్నాయన, చిన్నమ్మ పెళ్లయిన నాటి నుంచి తిరుపతికీ ఒంటిమిట్టకూ చుట్టాల పెళ్లిళ్లకూ తప్ప ఇద్దరే కలిసి సరదాగా ఎక్కడికీ పోయింది లేదు. బెంగళూరులో ఉన్న కొడుకు ఈసారి పట్టుబట్టి పిలిపించాడు. తీరా వాళ్లు వచ్చేసరికి అతను ఆఫీసు పని మీద వేరే ఊరు పోవాల్సి వచ్చింది. కారు తిప్పే పని నాకు పడింది. సంతోషంగా ఒప్పుకున్నాను, వాళ్ల చేతి ముద్దలు తిని పెరిగినవాణ్ణి.

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు ఒకప్పుడు పులివెందుల దాటితే ఎవరికీ తెలిసేది కాదు. 2007లో యురేనియం గనికి, శుద్ధి కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక దేశమంతా తెలిసింది. 2012లో పని మొదలైంది.

కార్తీక మాసం చివరి సోమవారం కలిసొచ్చేలా రమ్మన్నాను. ఆ రోజు బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ తిరునాళ్ల. 1537లో కెంపేగౌడ కట్టించాడని చెప్పే దొడ్డ బసవన్న గుడి చుట్టూ రోడ్లన్నీ శెనక్కాయల రాశులే. తమ చేలల్లో పడి నష్టం చేస్తున్న ఎద్దును శాంతింపజేయడానికి రైతులు తొలి పంటను బసవన్నకు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారని అక్కడి కథ. చిన్నాయన ప్రతి రాశి దగ్గరా ఆగాడు. కాయ పగలగొట్టి, పప్పు వేళ్ల మధ్య నలిపి, ఏ ఊరి పంట, ఏ విత్తనం, ఎకరాకు ఎన్ని మూటలని అడిగాడు. వానకు ఎదురుచూసి ఎదురుచూసి శెనక్కాయ వేయడం మానేసిన మనిషి, ఆ రోజంతా ఆ గుట్టల మధ్య పిల్లోడిలా తిరిగాడు. విధానసౌధ చూపించాను. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన లాల్‌బాగ్ చూపించాను. అద్దాల మేడ కన్నా, మూడు వందల కోట్ల ఏళ్ల నాటిదని చెప్పే రాతిగుట్టే ఆయనకు నచ్చింది. మన దిక్కు బండల మాదిరే ఉందని దాని మీద కూర్చున్నాడు.

చిన్నమ్మకు మాత్రం బెంగళూరులో అన్నిటికన్నా నచ్చింది కొడుకింటి కుళాయి. కావేరి నీళ్లను దాదాపు వంద కిలోమీటర్ల నుంచి, అదీ ఎగువకు, పంపులతో తోడి తెస్తారని చెప్పాను. "తియ్యగుండాయి నాయనా" అని, ఎక్కడికి బయల్దేరినా రెండు సీసాలు నింపుకుని సంచిలో పెట్టుకునేది.

మర్నాడు నంది కొండలకు పోయాం. దిగేటప్పుడు దొడ్డబళ్లాపురం వైపు ఒక వైన్ తోటలో ఇద్దరికీ కొడుకు ముందే టికెట్లు కొనిపెట్టాడు. ఆ ప్రాంతానికి ద్రాక్ష కొత్తేమీ కాదు, బెంగళూరు బ్లూ అనే నల్లద్రాక్షకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే వైన్ కోసమే ఫ్రెంచి రకాల తీగలు తెచ్చి పెంచడం 1980లలో కన్వల్ గ్రోవర్‌తో మొదలైంది. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్న నేల అది. రాత్రిళ్లు చల్లబడతాయి కాబట్టి కాయలో పులుపు నిలుస్తుంది. చిన్నాయన తీగల కన్నా ముందు డ్రిప్పు పైపులు చూశాడు. "బోరు ఎంత లోతు?" అని అడిగాడు. వెయ్యి అడుగులు దాటిందన్నారు. ఆయన తల పంకించాడు, తర్వాత ఇంకేమీ అడగలేదు.

రుచి చూసే గదిలోకి రమ్మంటే చిన్నమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ఆ సారాయి నాకెందుకురా" అంది. చూపించే కుర్రాడిది బాగేపల్లి, తెలుగు బాగా వచ్చు. "మింగాల్సిన పనిలేదమ్మా. దినానికి పదుల రకాలు చూసేవాళ్లు ఎవరూ మింగరు, నోట్లో తిప్పి ఈ తొట్టిలో ఉమ్మేస్తారు" అన్నాడు. అట్లయితే సరేనని వచ్చి కూర్చుంది.

అతను మూడు గ్లాసుల్లో ఒక్కో గుక్క పోశాడు. ఎలా చూడాలో చెప్పబోయేలోపే చిన్నమ్మ మొదటి గ్లాసు అందుకుంది. కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక పక్కకు వంచి, అడుగున ఏమన్నా ఉందేమోనని చూసింది. మెల్లగా కదిలించింది. కళ్లు మూసుకుని వాసన చూసింది. గుక్కెడు నోట్లో పోసుకుని బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, తొట్టిలో ఉమ్మేసింది. వెంటనే మాట్లాడలేదు. నాలుక మీద ఏం మిగిలిందో తేలేదాకా ఆగి, "పులుపు జాస్తి, మడ్డి లేదు" అంది. రెండోది ఎర్రది. "రోంత వగరు, పంటి చిగుళ్లు పట్టేస్తాండాది" అంది. మూడోదాన్ని వాసన చూసి, "దీన్ని కట్టెతో చేసిన దాంట్లో పెట్టినారా?" అని అడిగింది.

కుర్రాడు లేచి నిలబడ్డాడు. అది ఓక్ పీపాలో నెలల తరబడి ఉంచిన వైన్. లోపలికి పోయి తన పై అధికారిని పిలుచుకొచ్చాడు. ఆయన ఇంకో గ్లాసు పోయించి, చిన్నమ్మ చేసిందంతా కన్నార్పకుండా చూశాడు. మేము నెలలు నేర్పినా రాని క్రమం ఇది, ముఖ్యంగా ఉమ్మేశాక అలా ఆగడం ఎవరికీ చేతకాదు అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పి కుర్రాడు అడిగాడు, "ఎక్కడ నేర్చుకున్నారమ్మా ఇది?"

చిన్నమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"నేర్చుకునేదేముంది నాయనా. పొద్దున్నే మా బోరు నీళ్లు ఇట్లనే చూస్తాము. బాగుంటే గొడ్లకు పోస్తాము, లేకుంటే లేదు. మీ కాడ దుడ్లు కట్టి ఉమ్మేస్తారు. మేము ఉమ్మేసి, దుడ్లు కట్టి క్యాను నీళ్లు తెచ్చుకుంటాము."

తుమ్మలపల్లె చుట్టుపక్కల ఊళ్ల రైతులు బోరు నీళ్లు మారాయని ఏళ్లుగా చెబుతున్నారు. కారణం తాము కాదని యురేనియం కర్మాగారం వాళ్లు అంటున్నారు. చిన్నమ్మ నాలుక ఉప్పును పట్టగలదు, ఇనుమును పట్టగలదు. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ కొలతలో దానికి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఆ ఊళ్లలో ప్రతి బోరునూ ప్రయోగశాలలో పరీక్షించండి, వచ్చిన అంకెను తెలుగులో పంచాయతీ గోడ మీద రాయించండి.