గూన పలిగిన చిల్లు: సటీకా తాత్పర్యం

మూలం: "గూన పలిగింది కొడకా, ఇంట్ల పొద్దు వడ్డది, ఊడ్శినా పోతలేదు."

అవతారిక. ఈ వాక్యం ఏ తాళపత్రంలోనూ దొరకదు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో గూనపెంకుల కింద కాపురం చేసిన ఏ అవ్వయినా దీనికి కర్త్రి కావచ్చు. కోతి దూకి పెంక పగిలింది. మిట్టమధ్యాహ్నం చీకటింట్లో నేలమీద తెల్లటి బిళ్ల ఒకటి తేలింది. అవ్వ చీపురు పట్టింది, బిళ్ల కదల్లేదు, కొడుకును పిలిచింది. కథ ఇంతే. పూర్వవ్యాఖ్యలు లేవు కాబట్టి ఖండించడానికి ఎవరూ మిగల్లేదు. వ్యాఖ్యాతకు ఇది చిన్న లోటు కాదు.

టీక. గూన = ఇంటికప్పు మీది వంపు పెంక; పలిగింది = చిల్లు పడింది (ఆ చిల్లు మూడు మూలలుగానో వంకరటింకరగానో ఉన్నదని ధ్వని; కోతి కంపాసు పెట్టి దూకదు గదా); ఇంట్ల = చీకటిగా ఉన్న గదిలో; పొద్దు = సాక్షాత్తు సూర్యుడు; వడ్డది = తలకిందులుగా పడింది; ఊడ్శినా పోతలేదు = దుమ్ము కాదు, బొమ్మ గనుక.

"పొద్దు అంటే ఇక్కడ ఎండ అని చెప్పుకోవాలి" అని కొందరు సర్దుబాటు చేయబోతారు. అక్కర్లేదు. అవ్వ మాట అక్షరాలా నిజం. నేలమీద పడింది ఉత్త వెలుతురు ముక్క కాదు, సూర్యబింబం పటం.

శంక: చిల్లు మూడు మూలలదైతే బిళ్ల గుండ్రంగా ఎందుకుంది? ఇది అరిస్టాటిల్ పేరు మీద వచ్చిన ప్రశ్నల గ్రంథంలోనూ ఉంది. నలుచదరపు సందుల్లోంచి వచ్చిన ఎండ గుండ్రంగా ఎందుకు పడుతుందని అక్కడ అడిగారు. సరైన జవాబు మాత్రం చెప్పలేకపోయారు. సుమారు వెయ్యేళ్ల కింద అరబ్బు శాస్త్రజ్ఞుడు ఇబ్న్ అల్ హైతమ్ గ్రహణవేళ చిల్లులోంచి పడే నెలవంకల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. 1604లో ఖగోళవేత్త కెప్లర్ ఈ లెక్కను ఐరోపాలో తేల్చి చెప్పాడు.

సమాధానం: సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున్న బింబం. కిరణం తిన్నగా పోతుంది, మలుపు తిరగదు. బింబం ఉత్తరపు అంచు నుంచి వచ్చింది చిల్లు దాటి దక్షిణానికి పోతుంది, దక్షిణపుది ఉత్తరానికి. తూర్పుపడమరలదీ అదే దారి. అందుకే బొమ్మ తలకిందులు. ఇక బింబంలోని ప్రతి బిందువూ చిల్లు ఆకారంలోనే ఒక చిన్న ముక్కోణాన్ని నేలమీద వేస్తుంది. అలాంటివి లెక్కలేనన్ని, బింబం ఆకారంలో సర్దుకుంటాయి. ముగ్గుచుక్కలు దగ్గరదగ్గరగా గుండ్రంగా పెడితే దూరం నుంచి చుక్క కనబడదు, చుట్టు కనబడుతుంది, ఇదీ అంతే. చిల్లు మరీ పెద్దదైతే చుక్కే చుట్టును మింగేస్తుంది. అప్పుడు నేలమీద కనబడేది సూర్యుడు కాదు, పగిలిన పెంక.

కొలతలు. బిళ్ల వెడల్పు చిల్లుకూ నేలకూ మధ్య దూరంలో సుమారు 108వ వంతు. కప్పు పన్నెండడుగుల ఎత్తుంటే బిళ్ల అంగుళంబావుకు కొంచెం ఎక్కువ. భూమి తిరుగుతున్నది కాబట్టి బిళ్ల దాదాపు రెండు నిమిషాలకోసారి తన వెడల్పంత జరుగుతుంది. అవ్వ చీపురు దానిని జరపలేదు గానీ, కొడుకు వచ్చేసరికి అది చాప మీదికి పోయే ఉంటుంది. పొద్దు వాలినకొద్దీ బిళ్ల సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. నడినెత్తిన ఉంటే గుండ్రం. పాలమూరులో అలా ఏడాదికి రెండుసార్లు మాత్రమే: మే మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు తొలివారంలో మరోసారి. ఆగస్టుది మబ్బుల పాలే.

ఉదాహరణం. వేపచెట్టు కింద మంచం వేసుకున్నవారు ఏళ్ల తరబడి సూర్యుడి పటాల మీదే పడుకున్నారు. ఆకుల సందులన్నీ చిల్లులే. గ్రహణం పట్టినరోజు ఆ బిళ్లలన్నీ ఒక్కసారిగా కొడవళ్లవుతాయి.

1980 ఫిబ్రవరి 16న ఇది అవతారికలో చెప్పిన రెండు జిల్లాల్లోనూ జరిగింది. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణం నీడ రాయచూరు వైపు నుంచి వచ్చి పాలమూరు, నల్లగొండల మీదుగా ఒడిశా తీరానికి సాగింది. అప్పటి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా పాలెంలో అమెరికా హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వారు సూర్యుడి కరోనాను ఫొటో తీయడానికి ప్రత్యేకమైన కెమెరా నిలబెట్టారు. హైదరాబాదు దగ్గర ఉస్మానియావారి జాపాల్-రంగాపూర్ వేధశాలా ఆ నీడదారిలోనే ఉంది. ఊళ్లలో మాత్రం జనం తలుపులు బిగించుకున్నారు. గర్భిణులను గడప దాటనివ్వలేదు. ఇక్కడ వ్యాఖ్యాత కొంచెం ఆగాలి. గ్రహణం కంట పడకూడదని గదిని చీకటి చేయడమంటే కెమెరా తయారుచేయడమే. అది మధ్యాహ్నం మూడుమ్ముప్పావు వేళ, పొద్దు పడమటికి వాలి ఉంది. పడమటి తలుపుకు పురుగు తొలిచిన చిల్లు ఒక్కటుంటే చాలు, కొడవలి సూర్యుడు లోపలికి వచ్చి పడతాడు. తలుపు ఎంత గట్టిగా బిగిస్తే బొమ్మ అంత తేట. పాలెం పరికరాలకు ఎంత ఖర్చయిందో గానీ, ఈ చిల్లుకు పైసా పడలేదు. పైగా వీపు సూర్యుడికి, చూపు గోడకు పెట్టి చూసే పద్ధతి కాబట్టి కంటికీ ముప్పు లేదు.

ప్రతివాదం. "నల్లగొండవారికి చిల్లు దేనికి? పానగల్లు ఉంది" అని ఒక పక్షం. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడుల కాలపు త్రికూటం. ఒక గర్భగుడి గోడమీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. నీడ కదలడం లేదంటే దాన్ని వేస్తున్న దీపమూ కదలడం లేదని అర్థం. కాబట్టి నేరుగా వచ్చే సూర్యకిరణం ఆ పని చేయడం లేదు. ఎటూ కదలని గుమ్మాల నుంచి చెదిరి వచ్చే వెలుతురే చేస్తున్నది. చిల్లు లోకమంతటినీ ఆపి ఒక్కచోట వదులుతుంది. స్తంభం అంతటినీ వదిలి ఒక్కచోట ఆపుతుంది. రెండోది మొదటిదానికి నెగెటివ్. హంపి విరూపాక్షాలయంలో గోడమీద తలకిందులుగా పడే గోపురం బొమ్మను కూడా జనం నీడ అనే అంటారు; అది మాత్రం అచ్చంగా అవ్వ చిల్లు సంతానం.

పాఠాంతరం. ఇప్పటి ప్రతుల్లో "గూన పలిగింది"కి బదులు "రేకుకు బొక్క వడ్డది" అని వినబడుతుంది. ఈ పాఠమే మేలు. 1891లో భౌతికశాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ సూదిబెజ్జం ఫొటోల మీద రాస్తూ చిల్లు మరీ పెద్దదైనా, మరీ చిన్నదైనా బొమ్మ చెదురుతుందని లెక్క చూపాడు. చిన్నదైతే వెలుతురు అంచుల దగ్గర పరుచుకుపోతుంది. బళ్లో అట్టపెట్టెతో, నూనె రాసిన కాగితంతో పిల్లలు చేసే కెమెరాకు సుమారు అర మిల్లీమీటరు చిల్లు కావాలి. పన్నెండడుగుల కప్పుకు ఆ లెక్క రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మధ్య తేలుతుంది. అంటే రేకులోంచి ఊడిన సన్నని మేకు చిల్లు.

ఫలశ్రుతి. ఈ వ్యాఖ్య చదివినవారు చిల్లు పూడ్చడం మృగశిర కార్తె దాకా వాయిదా వేసుకోవచ్చు. ఆపైన అందులోంచి వాన దిగుతుంది. వాన బొమ్మ కట్టదు, కింద తప్పాల పెట్టుకోవాలి.