లెంగ్ శబ్దానికి టీకా తాత్పర్యం

మూలం: "లెంగ్ జాయ్!"

ప్రతిపదార్థం: లెంగ్ = అందమైన; జాయ్ = కుర్రవాడా. స్త్రీ అయితే లెంగ్ నొయ్.

టీక: కాంటనీస్ వాడుకలో ఇది హాంకాంగ్ సంతలో దుకాణదారు పిలుపు. విశేషణం అందమైనదే గాని, విశేష్యానికి అందం ఉండి తీరాలన్న నియమం లేదు. చేపల కొట్టు ముందు నిలబడ్డవాడికి బట్టతల, బానపొట్ట, అరవై ఏళ్లు ఉన్నా సంబోధన మారదు. బేరం మొదలుకాక ముందే గిరాకీని మెత్తబరచడం ప్రయోజనం. స్వరం మాత్రం జాగ్రత్త. ఈ భాషలో స్వరాలు ఆరు. లెంగ్‌ను మధ్యస్థాయిలో పలికితే అందగాడు, పైస్థాయిలో పలికితే బొడ్డూడని బచ్చాగాడు. ఇక చా చాన్ తెంగ్ అనే టీ హోటళ్లలో సర్వరు వంటింటివైపు "లెంగ్ జాయ్" అని కేకేస్తే వచ్చేది గిన్నెడు తెల్లన్నం; లెంగ్ నొయ్ అంటే ఏమీ కలపని గంజి. తెలుపే అందమన్న మతం మెతుకుల దాకా పాకినట్టుంది.

మూలం: "లెంగ్ బావ్ గెంగ్."

అద్దం పగిలేటంత అందం. అలంకారం అతిశయోక్తి. అద్దమే పగిలితే అందం చూసుకునేదెలా అని పూర్వపక్షం. చూసేవాళ్లు చుట్టూ ఉండగా అద్దంతో పనేమిటని సమాధానం.

మూలం: "లెంగ్ జూత్ ఉంగ్ తోయ్ సాన్."

పంచ 'తోయ్'ల కొండ మీద సాటిలేని అందగత్తె. హాంకాంగ్ టీవీ చానల్ టీవీబీ నటి యామీ లామ్ బిరుదు. ఇక్కడ శ్లేష గట్టిది. తోయ్ అంటే తిన్నె, ప్రసార కేంద్రం కూడా. షాన్సీ రాష్ట్రంలో మంజుశ్రీ బోధిసత్త్వుడి నెలవైన ఐదు శిఖరాల పర్వతం ఒక అర్థం. కౌలూన్‌లో ఒకప్పుడు ఐదు రేడియో, టీవీ కేంద్రాలు కొలువైన బ్రాడ్‌కాస్ట్ డ్రైవ్ గుట్ట రెండోది. ఐదింటిలో ఒకటైన కమర్షియల్ టెలివిజన్ 1978లోనే మూతపడింది గనుక, ఆ తర్వాత తెరకెక్కిన నటికి నాలుగే చెల్లుతాయని ఆక్షేపించవచ్చు. రూఢి ముందు లెక్క నిలవదు. పైగా నాలుగు శిఖరాలంటే శ్లేష చెడుతుంది.

అందం చూసి చేపలు మునగడం, అడవి బాతులు నేలరాలడం వంటి వర్ణనలు చైనా భాషలన్నిటి ఉమ్మడి ఆస్తి, సంతలో వినిపించవు.

మూలం: "గున్ జాయ్ గ్వత్ గ్వత్."

లెంగ్ లేకున్నా దానికి చుట్టమైన మాట. గున్ జాయ్ = అధికారి కొడుకు, అంటే దొరబాబు. గ్వత్ అంటే ఎముక. ఎముకకు ఇక్కడ అన్వయం కుదరదు. ద్విరుక్తి వినసొంపు కోసమని సరిపెట్టుకోవాలి. ముఖంతో నిమిత్తం లేదు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, మెరిసే బూట్లు, కాస్త నడవడిక ఉంటే లక్షణం సిద్ధిస్తుంది.